గట్టి రేకు దొరికేదాకా

జాకీ ఇంకో తిప్పు తిరిగేసరికి బండి ఎడమ పక్కనుంచి ఎండిన రొట్టె విరిగినట్టు చప్పుడొచ్చింది. షెడ్డు మూల కుట్టుమిషను మీదనుంచి, బండ్లకి సీట్లు కుట్టే సీట్లక్క తలెత్తేలోపే ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు ఒక పక్కకి ఒరిగి కూలబడింది. జాకీ తల తలుపు కింది రేకుని చీల్చుకుని లోపలికి దిగబడిపోయింది. పక్కనే గొంతుక్కూర్చున్న వెల్డరు చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే వేళ్ళు అక్కడే ఉండిపోయేవి.

షెడ్డులో ఆ వెల్డరుని అందరూ గొణుగుడు అనేవాళ్ళు. మనుషులతో మాట్లాడ్డం తక్కువ. పనిలో మాత్రం రేకుతో మాట్లాడుతూనే ఉంటాడు. "రా తల్లీ, ఇటు రా, అంత బెట్టు దేనికి" అని సుత్తితో తడుతూ బతిమాలితే వంకర రేకు కూడా మాట వింటుందని అతని నమ్మకం. ఇప్పుడు మాత్రం మట్టిలో కూర్చుని తన చేతివేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి చూసుకుంటున్నాడు.

బండి యజమానురాలు పళ్ళ డాక్టరు. రెండే సీట్లు, మడిచే గుడ్డ పైకప్పు ఉన్న ఆ పాత కారంటే ఆవిడకి ప్రాణం. ఏటా వానలకి ముందు ఇక్కడికే తెచ్చి చూపిస్తుంది. ఈసారి తలుపు కింద రంగు పొక్కులు పొక్కిందని, లోపల కాళ్ళ దగ్గర చెమ్మ వాసనొస్తోందని తెచ్చింది. భుజాన సంచీతో అక్కడే నిలబడి అంతా చూసింది.

షెడ్డు నడిపేది సీట్లక్క తమ్ముడు. ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చి, ముందు నేలకేసి చూశాడు, తర్వాత డాక్టరమ్మ మొహంకేసి చూశాడు, ఆ తర్వాత గొణుగుడి వైపు తిరిగాడు.

"జాకీ పెట్టాల్సిన చోట పెట్టలేదు వీడు," అన్నాడు.

గొణుగుడు తలెత్తాడు. ఇన్నేళ్ళ పనివాడు ఇంత మాత్రం చూసుకోడా అంటూ తమ్ముడు ఇంకా ఏదేదో అన్నాడు. చివరికి ఇంటికి పొమ్మని, పిలిచేదాకా రావద్దని చెప్పాడు. గొణుగుడు గుడ్డపీలికతో చేతులు తుడుచుకున్నాడు. మేకుకి తగిలించిన వెల్డింగు కళ్ళజోడు తీసుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

కళ్ళజోడు పట్టుకుపోయాడంటే మళ్ళీ వచ్చే ఉద్దేశం లేదన్నమాట. ఇంతలో ఇంకొకటి సీట్లక్క కంట్లో పడింది. బండి కింద రాలిన తుప్పు పెచ్చుల మధ్య అరచేయంత ముక్క ఒకటి ఉంది. ఒక వైపు ఆకుపచ్చ రంగు, రెండో వైపు పాలిపోయిన గులాబీ రంగు, బిస్కట్టంత మందం. తమ్ముడు జాకీ చూస్తున్నట్టు వంగి ఆ ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. అది రేకు కాదు, లప్పం. సొట్టలు పూడ్చి పైన రంగు వెయ్యడానికి పనికొచ్చే ముద్ద. దాని మీద జాకీ పెడితే బండి కాదు కదా, బల్ల కూడా నిలవదు.

సీట్లక్క అప్పుడే ఏదో అనబోయింది. కానీ డాక్టరమ్మ ఉంది. షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తే అమ్మ, ఏమైందా అని లేచి నిలబడింది. సీట్లక్క మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

ఆ రోజంతా ఆమె చెయ్యి పనిలో నిలవలేదు. కుడుతున్న తోలు సీటు మీద కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టింది, దారం తెగింది. దారం ఎక్కించి నాలుగు కుట్లు వేసేసరికి సూది విరిగింది. కుళాయి దాకా వెళ్ళి నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చింది. ఒరిగిన కారు చుట్టూ అటోసారి ఇటోసారి తిరిగింది. అలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేమిటే అని అమ్మ అడిగితే, నడుం పట్టేసిందని చెప్పింది.

*

మర్నాడు తమ్ముడు సామాన్ల కోసం బజారుకెళ్ళాడు. దెబ్బ ఎంతవరకు తగిలిందో తెలియాలంటే సీట్లు, తివాచీ తీసి చూడాలని డాక్టరమ్మ ముందురోజే చెప్పి వెళ్ళింది. అది సీట్లక్క పనే. బోల్టులు విప్పి ఎడమ సీటు ఎత్తి బయట పెట్టింది. తివాచీ అంచు పట్టి లాగగానే గుప్పున తడిసిన కుక్క వాసన కొట్టింది. దాని కింద పరిచిన ఫెల్టు గుడ్డ నీళ్ళు పీల్చిన స్పాంజిలా ఉంది. పిండితే గోధుమరంగు నీళ్ళు కారాయి.

ఇలాంటి బండ్లని తినేది వాన కాదు, వెళ్ళడానికి దారి దొరకని నీళ్ళు. తలుపుల కింద, తలుపు కిందుండే రన్నింగ్ బోర్డు పొడుగునా నీళ్ళు పోవడానికి సన్న బెజ్జాలుంటాయి. రన్నింగ్ బోర్డంటే ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఉండే గుల్ల పెట్టె. బండి బరువంతా మోసేది అదే. ఏటా ఆ బెజ్జాల్లో తీగ పెట్టి కెలికి, లోపల పలచటి మైనం నూనె కొట్టి వదిలేస్తే చాలు, కలకాలం ఉంటుంది. ఇక్కడ ఆ బెజ్జాల్లో ఎండుటాకులు, మట్టి గట్టిపడి ఉన్నాయి. వాటి మీదనుంచే ఎప్పుడో దట్టంగా నల్ల తారు పూత కొట్టారు. బయటి నీళ్ళు రాకుండా కొట్టిన పూత లోపలి నీళ్ళని పోనివ్వలేదు. దానికి తోడు డాక్టరమ్మ దుమ్ము పడకూడదని బండికి ఎప్పుడూ ప్లాస్టిక్ ముసుగు కప్పి ఉంచేది. ముసుగు కింద బండికి చెమట్లు పట్టేవి. ముద్దు చేసి చెడగొట్టడమంటే ఇదే కదా అనుకుంది సీట్లక్క.

స్క్రూడ్రైవరు తీసుకుని రన్నింగ్ బోర్డు లోపలి అంచు మీద పొడిచింది. పిడి దాకా దిగిపోయింది. కాస్త తిప్పగానే లప్పం పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. దాని వెనక కిటికీలకి కొట్టే సన్నజాలీ. జాలీ వెనక నూనె డబ్బా కోసి చదును చేసిన రేకు పట్టీ. పట్టీ పూర్తిగా బయటికొచ్చేదాకా గీకింది. దాని అంచు మీద వేలు పెట్టగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

రేకు అంచు రెండుసార్లు మడిచి, వేలు తెగకుండా నున్నగా నొక్కి ఉంది.

ఈ షెడ్డులో అలా మడిచేది ఒక్కరే. ఎవరికీ కనపడని చోటైనా సరే, రేకు అంచు మడవకుండా వదిలేవాడు కాదు నాన్న. సీట్ల అంచులు రెండు మడతలు వేసి కుట్టడం ఆమె నేర్చుకుంది కూడా ఆయన చేతి పని చూసే. నాన్న పోయాక కూడా వచ్చేవాళ్ళు ఇది పెద్దమేస్త్రి షెడ్డనే వస్తారు. ఆయన చేత్తో లప్పం, జాలీ, నూనె డబ్బా!

నిన్నటినుంచి తమ్ముడి మీద నూరిపెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే చప్పబడిపోయాయి. తడి ఫెల్టు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. చీర తడుస్తోందని కూడా తెలియలేదు.

తమ్ముడు వచ్చాడు. విప్పిన సీటు, బయటపడ్డ జాలీ చూసి, సామాన్ల సంచీ మెల్లగా కింద పెట్టాడు. అమ్మ కూర్చున్న వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఎందుకు కెలికావక్కా?"

"నీకెప్పుడు తెలిసింది?"

"ముక్క చేతిలోకి తీసుకోగానే. ఆ గులాబీ రంగు లప్పం నాన్న తప్ప ఇంకెవరు వాడారు?"

"తెలిసీ వాడి మీదకి తోశావా?"

తమ్ముడు గబగబా చెప్పుకొచ్చాడు. ఆ క్షణంలో ఏం తోచలేదన్నాడు. డాక్టరమ్మ ఎదురుగా ఉంది, అమ్మ వింటోంది, మీ పెద్దమేస్త్రి మోసం పని చేశాడని అందరి ముందూ ఎలా చెప్పాలన్నాడు. నాలుగు రోజులాగి తనే పిలుద్దామనుకున్నాడట.

"వాడు మాత్రం ఎక్కడికి పోతాడక్కా?" అన్నాడు చివర్న.

అంతవరకు తమ్ముడి మీద కాస్త జాలిగానే ఉంది. ఆ ఒక్క మాటతో అది కాస్తా పోయింది. చేతిలో ఫెల్టు అతని కాళ్ళ దగ్గర పడేసి లేచింది.

*

సాయంత్రం షెడ్డు నుంచి తిన్నగా గొణుగుడి ఇంటికి వెళ్ళింది. మేడ మీద రెండు గదులు. అతని భార్య కిటికీ దగ్గర బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అతను కిందివాళ్ళ తలుపు బందు ఒకటి విప్పి తెచ్చి ఆకురాయితో రుద్దుతున్నాడు. పని లేకపోతే మనిషికి కుదురుండదని, పొద్దున్నుంచి ఇంట్లో ఉన్న బందులన్నీ విప్పేశాడని, ఇక తలుపులే మిగల్లేదని భార్య నవ్వుతూ చెప్పింది. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి, మాట్లాడుకోమన్నట్టు లోపలి గదిలోకి వెళ్ళింది.

సీట్లక్క తను చూసిందంతా చెప్పింది. అతను ఆకురాయి ఆపలేదు. జాకీ దిగుతున్నప్పుడే లోపల రేకు లేదని చేతికి తెలిసిందన్నాడు. మరెందుకు మాట్లాడలేదని అడిగితే, తనని ఒక్క మాటైనా అడిగారా అన్నాడు. పెద్దమేస్త్రి అలా ఎందుకు చేశాడో మాత్రం తనకీ అర్థం కాలేదన్నాడు. తను చేరేటప్పటికే ఆయన మోకాళ్ళ నొప్పులని కుర్చీలో కూర్చుని పని చెప్పేవాడు తప్ప, చేతికి సుత్తి తీసుకున్నది తనెప్పుడూ చూడలేదు.

ఇనప గేట్లు చేసేవాళ్ళు రమ్మంటున్నారని చెప్పాడు. "గేటుకి తుప్పు పట్టినా మనిషి మీద పడదు కదక్కా."

ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. తమ్ముడి చేత క్షమించమని అడిగిస్తానంది. అతను ఆకురాయి పక్కన పెట్టాడు.

"నాకు క్షమాపణలేం వద్దు. నన్నన్నది డాక్టరమ్మ ముందు. అన్న మాట వెనక్కి తీసుకోవడం కూడా ఆవిడ ముందే. నువ్వొచ్చి నాకు చెప్తే అది నీ మంచితనం అవుతుంది గానీ, నా మీద పడ్డది పోదు."

ఇంతకన్నా ఎక్కువ మాట్లాడ్డం అతనికి అలవాటు లేదు. మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

ఇంటికొచ్చాక సీట్లక్క అన్నం కలిపి కలిపి వదిలేసింది. అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది. డాక్టరమ్మ ముందు నిజం చెప్పడమంటే అమ్మ ముందు చెప్పడమే. షెడ్డుకి రావద్దని ఒక్క రోజు అమ్మని ఇంట్లో ఉంచేస్తేనో? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. గొణుగుణ్ణి గేటు దాటించినట్టే ఇదీను. తమ్ముడికి ఫోను చేసి, రేపు నువ్వు చెప్పకపోతే నేను చెప్తానని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

*

మర్నాడు డాక్టరమ్మ ఆస్పత్రికి వెళ్ళే ముందే వచ్చింది. సీట్లక్క కబురు పెడితే వచ్చిన గొణుగుడు గేటు దగ్గర ఉతికిన చొక్కా వేసుకుని, పనిలోకి వచ్చినవాడిలా కాకుండా పని మీద వచ్చినవాడిలా నిలబడ్డాడు. తమ్ముడు పాత బండి కదండీ అని మొదలుపెట్టాడు. రేకు ఎంత గట్టిదైనా వయసు వయసే కదండీ అన్నాడు. అలా ఊరంతా తిరిగొస్తుంటే సీట్లక్క చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. పెద్ద చప్పుడేం కాలేదు గానీ తమ్ముడు ఆగిపోయాడు.

"జాకీ సరైన చోటే పెట్టాడండీ," అన్నాడు గొణుగుడి వైపు చూస్తూ. "అక్కడ రేకే లేదు, లప్పం ఉంది. నాకా సంగతి అప్పుడే తెలిసింది. తెలిసీ అతని మీదకి నెట్టాను. తప్పు నాది."

గొణుగుడు తల ఊపాడు. అంతే.

డాక్టరమ్మ వంగి జాలీని, లప్పాన్ని చాలాసేపు చూసింది. ఎవరు చేశారని అడిగింది. సీట్లక్క నోరు తెరవబోయింది.

"మా ఆయన," అంది అమ్మ వెనకనుంచి. ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. అందుకే అందరికీ ఇంకా కష్టంగా ఉంది. "పుచ్చు తియ్యకుండా పైన సిమెంటు పెట్టి పంపిస్తే నన్నేమంటారు మీరు? ఇందులో నా కూతుర్ని కూర్చోబెట్టుకుని తిరిగాను. ఆయన చెయ్యి పడిందంటే ఇక చూడక్కర్లేదనుకున్నాను."

కుడి పక్క కూడా ఇంతేనా అని ఆవిడ అడిగింది. చూస్తే గానీ తెలియదన్నాడు తమ్ముడు. గొణుగుడు ఉతికిన చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. గట్టిగా ఉన్న చోటు వెతికి బండిని దిమ్మల మీద నిలబెట్టాడు. కిందికి దూరి, వేడిగాలి మిషనుతో కుడి పక్క తారు పూత మెత్తబరుస్తూ గీకుడుకత్తితో తియ్యడం మొదలెట్టాడు. సీట్లక్క పక్కనే బోర్లా పడుకుని లైటు పట్టుకుంది. నల్లటి తొక్కలు మొహం పక్కనే రాలుతున్నాయి. ఇక్కడ కూడా జాలీయే ఉంటే అమ్మ మొహం ఎలా చూడాలన్నదే ఆమె భయం.

వెనక చక్రం వైపునుంచి రేకు బయటపడింది. లప్పం లేదు. కొత్త రేకు వేసి వెల్డింగు చేశారు. అతుకు పొడుగునా వెల్డింగు పొలుసులు ఒకదాని మీద ఒకటి సమంగా వాలి, ఆమె మంచి రోజున మంచి తోలు మీద వేసే కుట్టులా ఉన్నాయి.

"అబ్బ, ఏం చెయ్యి!" అన్నాడు గొణుగుడు తనలో తను.

మధ్య దాకా అలాగే నడిచింది. తలుపు మధ్యకి వచ్చేసరికి కుట్టు అతుకు దాటి కొంచెం పక్కకి జరిగింది. మళ్ళీ అతుకు మీదకొచ్చింది, మళ్ళీ జారింది. అక్కణ్ణించి చుక్కలు చుక్కలు. ఒకటి అతుకు పైన, ఒకటి కింద, ఒకటి ఏమీ లేని చోట రేకుని కాల్చి పెట్టిన బొక్క. బొక్క పూడ్చబోయి ఇంకో చుక్క, అది తప్పి ఇంకోటి. ఒకే చోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినట్టు గడ్డకట్టిన ఇనుము. ఆ తర్వాత వెల్డింగు లేదు. గులాబీ రంగు లప్పం మొదలైంది.

గొణుగుడు గీకడం ఆపేశాడు. కుట్టు ఎక్కడ తప్పుతుందో, చెయ్యి ఎందుకు తప్పుతుందో సీట్లక్కకి తెలుసు. ఇది పని ఎగ్గొట్టినవాడి చెయ్యి కాదు.

తమ్ముడూ కిందికి దూరి చూశాడు. బయటికెళ్ళి, అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అమ్మ వంగలేక నేల మీద కూర్చుంది. లైటు వెలుగులో ఆ గీత ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఆయన చూపు మందగించిన ఏడే," అంది. "వెల్డింగు వెలుగు తప్ప ఇంకేం కనపడ్డం లేదే అనేవాడు. చెప్పిన రోజుకి బండి ఇయ్యాలని పంతం. ఇదే ఆఖరు, మళ్ళీ ముట్టుకోనన్నాడు. అందరికీ మోకాళ్ళని చెప్పమన్నాడు. కళ్ళంటే ఎవరూ రారు కదా."

"మాకైనా చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు తమ్ముడు.

"మీకే చెప్పొద్దన్నాడు."

డాక్టరమ్మ ఆస్పత్రికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. కోపం పోయిందని కాదు. ఆయన మీద జాలిపడితే తన కూతురి సంగతి మర్చిపోయినట్టవుతుందని, మర్చిపోలేనని అంది. కానీ వెళ్ళలేదు. ఇది బాగవుతుందా, నిజం చెప్పండి అని గొణుగుణ్ణే అడిగింది. బాగవుతుంది గానీ ఈ వానలకి మాత్రం బండి రాదన్నాడతను. రెండు పక్కలా గట్టి రేకు దొరికేదాకా కొయ్యాలి, కొత్తది వెయ్యాలి, బెజ్జాలన్నీ తెరవాలి, తారు మొత్తం తీసెయ్యాలి. ఇంటికెళ్ళాక ఆ ప్లాస్టిక్ ముసుగు కూడా తీసి పారెయ్యమన్నాడు. ఆవిడ సరేనంది.

"బాగున్నంత వరకు ఉంచొచ్చా?" అని తమ్ముడు అడిగాడు. మేస్త్రిని అడిగినట్టు అడిగాడు.

గొణుగుడు చిన్న సుత్తి తీసుకుని వెనక చక్రం నుంచి తట్టుకుంటూ వచ్చాడు. చెవి రేకుకి దగ్గరగా పెట్టి, పెదవులు కదుపుతూ. ఖణఖణమన్నంత వరకు జరిగాడు. కుట్టు మొదటిసారి పక్కకి జరిగిన చోటుకి కాస్త ముందే ఆగి, సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు.

"ఇక్కడిదాకా ఆయనది ఉంటుంది," అన్నాడు. "ఇక్కణ్ణించి కొయ్యాలి."

గ్రైండరు అందుకున్నాడు. నిప్పురవ్వలు లేస్తాయి, పక్కకి జరగమని అందరికీ చెప్పాడు. డాక్టరమ్మ జరిగింది, తమ్ముడు జరిగాడు. సీట్లక్క లేచి అమ్మ చంకల్లో చేతులు వేసి లేపింది. అమ్మ లేచింది గానీ అడుగు వెయ్యలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుని, కొయ్యమన్నట్టు తల ఊపి, అక్కడే నిలబడింది.